తేలుబొమ్మ కారు ఎందుకమ్మా నీకు?

సెకండ్ హ్యాండ్ కార్ల ప్రకటనలు మీరెప్పుడైనా శ్రద్ధగా చదివారా? గత ఏడెనిమిది నెలలుగా నాకదొక పని అయిపోయింది. "సింగిల్ ఓనర్", "డాక్టర్ వాడిన బండి", "షోరూం కండిషన్"... ఇలా ఎన్నో బిరుదులుంటాయి. అన్నిటికన్నా పెద్ద బిరుదు "లేడీ డ్రివెన్". అంటే ఆడమనిషి నడిపిన బండి గనుక గీతలు పడి ఉండవు, గేర్లు అరిగి ఉండవు, నాలుగు డబ్బులు ఎక్కువైనా కళ్ళు మూసుకుని కొనుక్కోవచ్చని అర్థం. అమ్మేటప్పుడు మనకింత గౌరవం! అదే ఆడమనిషి అనంతపురం సుభాష్ రోడ్డులో కారు మలుపు తిప్పుతుంటే చూడండి. వెనకనుంచి హారన్ల మోత, "ఎవరో లేడీస్‌రా, ముందుకు పోనీ" అన్న వెక్కిరింత. ఇంతకీ మనం మంచి డ్రైవర్లమా, చెడ్డ డ్రైవర్లమా? అమ్మే రోజున ఒక మాట, నడిపే రోజున ఇంకో మాట.

ఈ ప్రకటనలతో నాకు పని కల్పించింది మా చెల్లెలు. దానికి ముప్పై రెండేళ్ళు. బెంగళూరులో ఉద్యోగం. పదేళ్ళ సంపాదనలో ఇంటికి పంపింది పంపగా, తమ్ముడి చదువుకు కట్టింది కట్టగా తనకంటూ మిగుల్చుకున్న డబ్బుతో కారు కొనుక్కోవాలనుకుంది. అంతవరకూ ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు. చిన్న కారు, ఆటోమేటిక్ గేర్లది, తెల్లరంగుది తీసుకుంటుందని అందరమూ అనుకున్నాం. అది అడిగింది మాత్రం అబార్త్ పుంటో. కొత్తది దొరకదు, పాతదే వెతుక్కోవాలి. అదీ మంచి కండిషన్‌లో ఉన్నది.

ఫియట్ అంటే మన పెద్దవాళ్ళకు తెలిసిన పేరే. బొంబాయిలో ప్రీమియర్ కంపెనీవాళ్ళు తయారుచేసిన ఆ పాత ఫియట్‌కే తర్వాత 'పద్మిని' అని పేరు పెట్టారు. (కారుకు ఆడపేరు పెట్టడానికి ఎవరికీ అడ్డులేదు చూడండి, చిక్కంతా స్టీరింగు దగ్గరే.) ఈ పుంటో అదే ఫియట్ వారిది. పుణె దగ్గర రంజన్‌గావ్ ఫ్యాక్టరీలో తయారయ్యేది. 2015లో ఈ చిన్నకారునే తమ రేసుకార్ల విభాగమైన అబార్త్ చేత ప్రత్యేకంగా ట్యూనింగ్ చేయించి, 1.4 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజను, 145 హార్స్ పవర్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులతో బయటికి వదిలారు. ధర అప్పట్లో ఢిల్లీ షోరూంలో పది లక్షలకు కాస్త తక్కువ. మెచ్చుకున్నవాళ్ళు ఎక్కువ, కొన్నవాళ్ళు తక్కువ. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చేలోపే ఫియట్ మన దేశంలో కార్ల అమ్మకం ముగించింది. అందుకే ఇప్పుడు ఒక్కటి అమ్మకానికి వచ్చిందంటే పదిమంది ఎగబడుతున్నారు.

టర్బో అంటే ఏమిటని మీకు సందేహం రావచ్చు, నాకూ వచ్చింది. కట్టెల పొయ్యి మీద వంట చేసినవాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. మంట చాలకపోతే ఊదుగొట్టంతో ఊదుతాం కదా, అదే. ఇంజను వదిలిన పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇంకో చక్రాన్ని తిప్పి బయటి గాలిని ఇంజనులోకి బలంగా తోస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు కూడా ఎక్కువ మండుతుంది, బలం పెరుగుతుంది. పొగ వృథాగా పోకుండా మళ్ళీ పొయ్యినే ఊదుతోందన్నమాట. ఇంత పొదుపు తెలిసిన యంత్రాన్ని మగవాళ్ళ వస్తువంటే నాకు నవ్వొస్తుంది.

ఆ కారు ముందు తేలుబొమ్మ ఉంటుంది. మా ఊళ్ళో తేలు కనిపిస్తే చెప్పు తీసుకోవడమే తప్ప బొమ్మ చేసి కారుకు అంటించుకోవడం ఎవరూ ఎరగరు. ఆ కంపెనీ పెట్టినాయన పేరు కార్లో అబార్త్. (పేరులోనే 'కార్లో' ఉన్నాడు, ఇంకేం చేస్తాడు!) 1908 నవంబరు 15న వియన్నాలో పుట్టాడు, వాళ్ళ లెక్కలో వృశ్చికరాశి. 1949లో ఇటలీలో కంపెనీ పెట్టినప్పుడు ఆ రాశినే గుర్తుగా పెట్టుకున్నాడు. చిన్నచిన్న ఫియట్ కార్లను ట్యూన్ చేసి పెద్ద కార్లను ఓడించడం ఆయన సరదా. 1965లో ఒక రికార్డు కారులో తాను పట్టడం లేదని ఆపిల్ పళ్ళు తిని 30 కిలోలు తగ్గి అందులో కూర్చున్నాడట. ఒళ్ళు తగ్గాలని అవస్థపడే మనందరికీ ఇది గుర్తుంచుకోదగ్గ సంగతి. 1971లో ఆయన కంపెనీని ఫియట్ కొనేసింది.

సరే, అసలు సంగతికొస్తాను. చెల్లెలు ఈ మాట చెప్పిన రోజున ఇంట్లో గాలి మారిపోయింది.

"ఏం పనికొస్తాదమ్మా అది? నాలుగు మూటల శెనక్కాయలు గూడా పట్టవు" అన్నాడు నాయన.

"ఆ డబ్బుతో నాలుగు జతల గాజులు చేపించుకోరాదా? రేపు పెళ్ళికి అక్కరకొస్తాయి" అంది అమ్మ.

"పెళ్ళయినాక మీ ఆయన్ని అడిగి కొనుక్కుందువులే" అంది మేనత్త.

పక్కింటాయన సలహా ఇంకోలా ఉంది. "పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియావాళ్ళు రోజూ కొత్తకార్లు దించుతాంటే పాతది దేనికమ్మా?" అని. నిజమే, 2019 నుంచి అక్కడ కార్లు తయారవుతున్నాయి. ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ అది. 2022లో జిల్లా విడిపోయి ఆ ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళినా మాకు మాత్రం అదింకా అనంతపురం కార్ల ఫ్యాక్టరీయే. మా చెల్లెలు ఆయనకు చెప్పిన జవాబు నాకు నచ్చింది. "మామా, ధర్మవరంలో రోజూ కొత్త పట్టుచీరలు నేస్తాండారు. అయినా అత్త మీ అమ్మగారి పాత చీర అంచు లాంటిది ఎక్కడన్నా దొరుకుతుందేమోనని అంగడి అంగడీ తిరుగుతుంది గదా? ఇదీ అంతే" అంది. ఆయన నవ్వాడు గానీ ఒప్పుకోలేదు.

ఇక్కడే నాకు మనసులో ముల్లు గుచ్చుకుంది. వాళ్ళెవరూ కారు మంచిదా చెడ్డదా అని అడగలేదు, బ్రేకుల గురించి అడగలేదు, పెట్రోలు ఎంత తాగుతుందని అడగలేదు. అందరి ప్రశ్నా ఒకటే: అది నీకెందుకు? ఇదే కారును తమ్ముడు కొంటానంటే "మగపిల్లోడు, మోజుపడినాడు" అని ఒక రోజు గొణిగి ఊరుకునేవారు. నేను ఊహించి చెప్పడం లేదు. వాడు రెండేళ్ళ కిందట పాత ఆర్ఎక్స్ 100 మోటారు సైకిలు కోసం కర్నూలు దాకా వెళ్ళి, కొని, దాని సైలెన్సరుకు, ఇంజనుకు అంతకు అంత ఖర్చుపెట్టి ఊరంతా చప్పుడు చేస్తూ తిరిగినప్పుడు మా అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది.

మాది వానలు మొహం చాటేసే సీమ. పశ్చిమ కనుమలకు అవతలే నైరుతి మేఘాలు సగం కురిసిపోతాయి, ఈశాన్య మేఘాలు మాదాకా వచ్చేసరికి అలిసిపోతాయి. ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ శెనక్కాయకు కావలసిన నాడు కాదు. ఇలాంటి చోట పుట్టినవాళ్ళకు ఖర్చంటే భయం ఉండడం సహజం. నేనూ ఆ భయంతోనే పెరిగాను, ఇప్పటికీ బియ్యం కడిగిన నీళ్ళు పారబోయను. అయితే ఆ భయం ఇంట్లో అందరికీ సమంగా ఉందా అన్నదే నా సందేహం.

మా నాయన పొలంలో ఆరు బోర్లు వేయించాడు. మొదటిది మూడువందల అడుగులు, చివరిది వెయ్యి దాటింది. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిచే ఆయన ఒకచోట చూపించాడు, వేపపుల్ల పట్టుకునే ఆయన ఇంకోచోట చూపించాడు. రెండింట్లో నీళ్ళు పడ్డాయి, నాలుగింట్లో దుమ్ము లేచింది. నాలుగో బోరుకు అమ్మ గాజులు పోయాయి, ఆరోదానికి కమ్మలు పోయాయి. నాయన్ను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. నీళ్ళ కోసం రైతు పడే ఆరాటం ఏమిటో బోరు లారీ చప్పుడు విన్నవాళ్ళకు తెలుసు. దాన్ని మోజు అనడానికి నాకు నోరు రాదు. కానీ ఆ ఆరుసార్లలో ఒక్కసారైనా ఎవరైనా "ఇంకొకటి ఎందుకప్పా నీకు?" అని ఆయన్ను అడిగారా? అమ్మ గాజులు తీసి ఇచ్చిందే తప్ప నోరు తెరిచిందా? మగవాడి ఆశకు కారణం అడగకూడదు, ఆడదాని ఆశకు మాత్రం రసీదుతో సహా లెక్క చూపించాలి. తన సొంత జీతంలోంచి అయినా సరే.

ఇంకో సంగతి. పద్నాలుగేళ్ళకే మా చెల్లెలు పొలంలో ట్రాక్టరు నడిపింది. శెనక్కాయ పీకే రోజుల్లో కూలీలు దొరక్క, డ్రైవరు రాక, నాయన పక్కన కూర్చుని నేర్పించాడు. ఆ ఏడాది ఊళ్ళో ఎవరింటికి పోయినా "మా చిన్నది ట్రాక్టరు తోల్తాది" అని చెప్పుకుని మురిసిపోయాడు. ఎందుకంటే అది పని. స్కూటీ కొనిచ్చారు, ఉద్యోగానికి పోవాలి గనుక. ఆడపిల్ల చక్రం పట్టుకోవడం మీద వాళ్ళకు కోపం లేదన్నమాట. ఇంటికి అక్కరకు రాకుండా, కేవలం ఆనందం కోసం పట్టుకోవడమే వాళ్ళకు మింగుడుపడలేదు. మనలో మన మాట, ఈ లెక్కతోనే కదా మనకు మిక్సీ కొనివ్వడం సులభం, వీణ కొనివ్వడం కష్టం? అవసరానికి వెంటనే తల ఊపేవాళ్ళు ముచ్చట అనేసరికి ముఖం తిప్పుకుంటారు.

కారనేది మగవాళ్ళ విద్య అని ఎవరు మొదలుపెట్టారో గానీ, దాని పుట్టుకలోనే ఒక ఆడమనిషి ఉంది. జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లో మోటారు బండికి పేటెంటు తీసుకున్నాడు. అంతకు చాలా ఏళ్ళ ముందే, ఇంకా పెళ్ళయినా కాకముందే, ఆయన వ్యాపారం మునిగిపోతుంటే తన కట్నం డబ్బు ముందుగా తెచ్చి నిలబెట్టింది బెర్తా. (గాజులు పోసిన బోర్లు మనకే ఉన్నాయనుకోకండి.) బండి తయారైనా కొనేవాళ్ళు లేరు. 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున ఆవిడ భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న పుట్టింటికి ఆ బండి నడుపుకుంటూ వెళ్ళిపోయింది. దారిలో ఇంధనం అయిపోతే మందుల షాపులో కొని పోసింది. గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి తెరిచింది. బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టే అతనితో తోలు వేయించింది. ఎత్తు ఎక్కలేక పోయినచోట పిల్లలు దిగి తోశారు, ఇంకో గేరు పెట్టమని తిరిగొచ్చి భర్తకు చెప్పింది. లోకంలో మొదటి దూరప్రయాణపు డ్రైవరు, మొదటి రోడ్డు పక్క మెకానిక్కు పుట్టింటికి పోతున్న ఒక ఇల్లాలు!

నూట ముప్పై ఏళ్ళ పైన గడిచాక మా చెల్లెలు ఫోను చేస్తే అమ్మేవాళ్ళు ఏమంటున్నారో వినండి. "మేడమ్, సార్‌తో మాట్లాడించండి" అని ఒకాయన. సార్ ఎవరూ లేరంటే "అయితే మీ ఫాదర్‌తో" అన్నాడు. ఇంకొకతను "ఇది లేడీస్ కంట్రోల్ చేసే బండి కాదు మేడమ్" అని బోధించాడు. "ఇంజనులో ఏ గ్రేడు ఆయిలు పోస్తున్నారు, టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారు?" అని ఇది అడిగితే అతని దగ్గర జవాబు లేదు. మరొకచోట తేలుబొమ్మ చూసి ఆశగా వెళితే మామూలు పుంటోకి స్టిక్కర్లు అంటించి పెట్టారు. ఇలాంటి వేషాలు చాలానే ఉన్నాయట. బొమ్మ చూసి మోసపోకూడదు. ఆర్‌సీలో ఇంజను వివరాలు చూడాలి, వెనక చక్రాలకు డిస్కులున్నాయా అని వంగి చూడాలి.

దీన్తో తిరిగి తిరిగి నేనూ కొంత నేర్చుకున్నాను. కారు ఏదైనా మీకూ పనికొస్తుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడే మన కళ్ళెదుట స్టార్టు చేయించాలి. ముందే వేడిచేసి పెట్టారంటే ఏదో దాస్తున్నట్టే. వెనక గొట్టంలోంచి నీలంపొగ వస్తే ఆయిలు కాలుతోందని అర్థం, టర్బో బండికి అది ఖరీదైన జబ్బు. టైరు మీద నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. బండి ముప్పైవేల కిలోమీటర్లే తిరిగిందని చెప్పి టైర్లు రెండోసారి మార్చి ఉంటే అడగండి. లోను తీరిందా, చలాన్లు బాకీ ఉన్నాయా చూసుకోండి. కర్ణాటక బండిని మన రాష్ట్రానికి తెచ్చి ఉంచుకోవాలంటే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ కావాలి, ఇక్కడ మళ్ళీ రిజిస్ట్రేషను, లైఫ్ ట్యాక్సు తప్పవు. బేరమాడేటప్పుడు ఆ మొత్తం కూడా కలుపుకోవాలి.

చిత్రమేమిటంటే, మనుషులను ఎండగట్టే మా కరువు ఇనుముకు మేలు చేస్తుంది. సముద్రం పక్క తిరిగిన కార్లకు ఉప్పుగాలికి అడుగుభాగం తుప్పు పట్టి చిల్లులు పడతాయి. మా పీఠభూమిలో గాలికి తడి తక్కువ, అందుకని పాత బండ్ల ఇనుము గట్టిగానే ఉంటుంది. ఎండ మాత్రం రంగును, డాష్‌బోర్డును, రబ్బరు పట్టీలను తినేస్తుంది, దుమ్ము ఎయిర్ ఫిల్టరును పూడ్చేస్తుంది. కాబట్టి సీమ బండికి కింద కాదు, పైన చూడాలి. చెన్నై బండికి పైన కాదు, కింద చూడాలి. ఈ మాట విన్నాక నాయన మొదటిసారి చెల్లెలి కారు మీద ఆసక్తి చూపించాడు. "మన నేల దేనికో ఒకదానికి మంచిదన్నమాట" అన్నాడు.

ట్యూనింగ్ సంగతి ఒకటి చెప్పాలి. కంపెనీ తానే ట్యూన్ చేసి అమ్మిన కారు వేరు, కొన్నాక ఎవరో షెడ్డులో కంప్యూటరు పెట్టి ఇంజను బలం పెంచింది వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ నిర్దేశించిన దానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఇదే చెప్పింది. అలా మార్చిన బండికి ప్రమాదం జరిగితే బీమా దగ్గర పేచీ వస్తుంది. మా చెల్లెలు చూసిన వాటిలో ఒకటి బాగానే ఉన్నా, ఇలా చెయ్యి పెట్టారని తెలిసి వదిలేసుకుంది. నాకది దాని వివేకానికి గుర్తుగా కనిపించింది. మోజులో పడ్డవాళ్ళు అలా వదులుకోలేరు.

అన్నిట్లోనూ నేను దాని పక్షమేనని అనుకోకండి. అప్పుచేసి మాత్రం కొనొద్దన్నాను, ఆ విషయంలో అమ్మా నేనూ ఒకటే. విడిభాగాలు దొరకడం కష్టం కనుక, కొన్న ధర కాక మరమ్మతులకు కొంత డబ్బు విడిగా పక్కన పెట్టమన్నాను. మామూలు పుంటో కంటే ఇది నేలకు దగ్గరగా ఉంటుంది, మా ఊరి స్పీడు బ్రేకర్లకు పొట్ట గీరుకుంటుంది. ఇక వేగం సంగతి. నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కార్లకు పరిమితి గంటకు 100 కిలోమీటర్లు. బెంగళూరు నుంచి అనంతపురం వచ్చే 44వ నెంబరు రోడ్డు పక్కన ప్రతి ఊళ్ళోనూ గొర్రెలు, ఆటోలు, స్కూలు పిల్లలు దాటుతుంటారు. ఆ వేగపు ముచ్చట తీర్చుకోవాలంటే చెన్నై దగ్గర, కోయంబత్తూరు దగ్గర రేసు ట్రాకులున్నాయి, అక్కడ తీర్చుకోమన్నాను. "నాకు తెలుసక్కా" అని విసుక్కుంది. తెలిసినా చెప్పడం అక్కల హక్కు.

ఇప్పటికి తొమ్మిది కార్లు చూసింది. రెండు వేషాలు, ఒకటి ప్రమాదంలో ముందుభాగం నలిగి సరిచేసింది, ఒకటి షెడ్డులో చెయ్యి పెట్టింది, మూడింటికి ధర కుదరలేదు. ఒకటి మనం వెళ్ళేలోపే అమ్ముడైంది. ఇంకొకటి బాగుంది గానీ అమ్మేవాడు చివరి నిమిషంలో మనసు మార్చుకున్నాడు, తాళాలు ఇస్తూ ఇస్తూ వెనక్కు తీసుకున్నాడట. దానికి కోపం రాలేదు. "అంత ప్రేమ ఉన్నవాడి దగ్గరే ఉండనీలే" అంది.

పదోది బళ్ళారిలో ఉంది. ఎర్రరంగు, మొదటి ఓనరే, సర్వీసు బిల్లులన్నీ ఉన్నాయంటున్నారు. ఫోను ఎత్తింది ఒకావిడ. ఆయిలు గ్రేడు అడగకముందే చెప్పింది. ఆదివారం పొద్దున్నే బయల్దేరుతున్నాం. నాయన కూడా వస్తానన్నాడు, పొలానికి వాడే టార్చిలైటుకు కొత్త సెల్లు వేయించి పెట్టాడు, అడుగుభాగం చూడాలని.